180 గంటలు, ఒక ఊరు: సేవాభ్యసనంపై ఒక సంవాదం

విశ్వవిద్యాలయం సమాజానికి ఏమి ఇవ్వాలి, సమాజం నుంచి ఏమి నేర్చుకోవాలి అన్న చర్చ పాతదే అయినా, ఆంధ్రప్రదేశ్‌లో అది 2020-21 తర్వాత ప్రతి డిగ్రీ విద్యార్థి గడప ముందుకు వచ్చింది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆ సంవత్సరం సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసి, అందులో తొలి అంచెగా, మొదటి సంవత్సరం ముగిసిన వేసవిలో చేయవలసిన ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు’ను చేర్చింది. దీని ప్రకారం విద్యార్థి ఒక ఆవాసాన్ని ఎంచుకొని, 180 గంటల కాలంలో ఇంటింటి సర్వే చేసి, అందులో తేలిన సమస్యపై అవగాహన కల్పించి, ఊరివారితో కలిసి ఒక చిన్న పని చేపట్టి, చివరికి నివేదిక సమర్పించి 4 క్రెడిట్లు పొందుతాడు. తరగతిలో చదివిన విషయాన్ని సమాజానికి ఉపయోగపడే పనితో జోడించి, ఆ పని మీద చేసిన ఆలోచన ద్వారా తిరిగి ఆ విషయాన్నే లోతుగా నేర్చుకొనే ఈ పద్ధతిని విద్యాశాస్త్రంలో సేవాభ్యసనం అంటారు.

ఈ పద్ధతి విలువను తేల్చడానికి ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని హనుమంతునిపాడు మండలం కంటే కఠినమైన పరీక్షాస్థలం అరుదు. వర్షాభావం, అడుగంటిన బోర్లు, భూగర్భజలంలో ఫ్లోరైడు, పని కోసం నగరాలకు వలస అన్నవి ఈ మండలంతో సహా కనిగిరి చుట్టుపక్కల మెట్ట గ్రామాలన్నింటికీ ఉమ్మడి సమస్యలు కాగా, అక్కడి కుటుంబాల పిల్లలే డిగ్రీ కళాశాలలలో చేరి, వేసవిలో సర్వే పత్రాలతో అవే ఊళ్లకు తిరిగి వస్తారు. ఈ సంవాదంలోని ఇద్దరు వక్తలు కల్పిత పాత్రలు. ఒకరు ఆ మండలంలోనే పనిచేసి విశ్రాంతి తీసుకున్న పాఠశాల ఉపాధ్యాయుడు, మరొకరు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకురాలు. మాస్టారు సేవాభ్యసనాన్ని శంకిస్తాడు, అధ్యాపకురాలు సమర్థిస్తుంది.

మాస్టారు: అమ్మా, ఈ ప్రాంతానికి సర్వే కొత్త కాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాపించి ఉన్న సంగతిని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి, అది పొరుగువారి కథ కాదు, ఈ నేల కథే. నీటిలో ఉన్న ఫ్లోరైడు వల్ల పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకొని, నడుము వంగిపోయే ఈ జబ్బు గురించి దాదాపు తొమ్మిది దశాబ్దాలుగా వైద్యులు, భూగర్భశాస్త్రజ్ఞులు, పరిశోధక విద్యార్థులు వ్రాస్తూనే ఉన్నారు. ఆ వ్రాతల వల్ల పట్టాలు వచ్చినవారు ఉన్నారు, పదోన్నతులు వచ్చినవారు ఉన్నారు, కానీ నీటి నమూనా ఇచ్చిన ఇంటికి ఫలితం తెలిపే చీటీ తిరిగి రావడం మాత్రం అరుదు. ఇప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థి వచ్చి ‘మీరు తాగే నీరు ఎక్కడిది’ అని మళ్లీ మొదటినుంచి అడిగితే, దానిని సేవ అని ఎలా అనగలం? ఊరికి కావలసింది ఇంకొక ప్రశ్నపత్రం కాదు, నీళ్లు.

అధ్యాపకురాలు: మాస్టారూ, ఆ ఆక్షేపణలోని వాస్తవాన్ని కాదనలేము, అయితే అది సేవాభ్యసనానికి కంటే, సేవాభ్యసనం లేని పరిశోధనకు ఎక్కువగా వర్తిస్తుంది. పరిశోధకుడు ఊరిని సమాచారం దొరికే చోటుగా చూస్తాడు, జాతీయ సేవా పథకం ఊరిని సేవ పొందే చోటుగా చూస్తుంది, ఇంటర్న్‌షిప్ పని జరిగే చోటును విద్యార్థి నైపుణ్యం పెరిగే చోటుగా చూస్తుంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో మొదలైన జాతీయ సేవా పథకం రెండేళ్లలో 240 గంటల సేవను, ఏడు రోజుల ప్రత్యేక శిబిరాన్ని నిర్దేశించి ఎందరినో గ్రామాలకు చేర్చింది, కానీ ఆ శిబిరంలో రోడ్డు ఊడ్చిన రసాయనశాస్త్ర విద్యార్థి తన రసాయనశాస్త్రాన్ని వెంట తీసుకుపోవలసిన అవసరం రాలేదు. సేవాభ్యసనంలో మాత్రం చదువు, సేవ అనే రెండూ సమానమైన బరువుతో ఉండాలి, ఒకటి తగ్గితే రెండవది కూడా చెడుతుంది. అమెరికాలో ఈ పద్ధతికి తొలి సూత్రాలు చెప్పినవారిలో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు నియమాలు పెట్టాడు. సేవ ఏమిటన్నది సేవ పొందేవారే నిర్ణయించాలి. సేవ పొందినవారు తమ పనిని తాము చేసుకొనే శక్తిని, ఇతరులకు తోడ్పడే శక్తిని పెంచుకోవాలి. సేవ చేసేవారు కూడా అభ్యాసకులే కాబట్టి ఏమి నేర్చుకోవాలన్న విషయంలో వారికీ మాట ఉండాలి. ఈ మూడింటినీ కలిపి పరస్పరత అంటారు, అంటే ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు అన్న విభజన శాశ్వతంగా ఒకే దిక్కున నిలిచిపోకుండా చూడడం.

మాస్టారు: నియమాలు బాగున్నాయి. కానీ మొదటి నియమాన్నే ఇక్కడ అమలు చేసి చూస్తే ఏమవుతుందో ఆలోచించాలి. సేవ ఏమిటో ఊరే నిర్ణయించాలంటే, హనుమంతునిపాడు మండలంలో ఏ గ్రామసభ అయినా ముందుగా వెలిగొండ ప్రాజెక్టు పేరే చెబుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరదనీటిని నల్లమల కింద సొరంగాల ద్వారా తెచ్చి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల జనాభాకు తాగునీరు ఇవ్వాలన్న పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలు చదువు ముగించి, పెళ్లిళ్లు చేసుకొని, హైదరాబాదులో, బెంగళూరులో భవన నిర్మాణ పనులలో స్థిరపడ్డారు. ఇంతటి కోరికను డిగ్రీ విద్యార్థి 180 గంటలలో తీర్చలేడు కాబట్టి, కళాశాల తనకు వీలైన చిన్న పనిని వెతుక్కొని, అదే ఊరి కోరిక అని వ్రాసుకుంటుంది. చేతులు కడుక్కోవడంపై ఒక ర్యాలీ, పరిసరాల పరిశుభ్రతపై ఒక కరపత్రం, నాలుగు మొక్కలు, ఒక ఫోటో. సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1968లో మెక్సికోలో, అక్కడి పల్లెలకు సేవ చేయడానికి బయలుదేరిన అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి, మంచి ఉద్దేశం ఒక్కటే సేవకు అర్హత కాదని, భాష, జీవితం తెలియని చోటికి సేవకులుగా రావద్దని తీవ్రంగా హెచ్చరించాడు. ఆ మాట ఇక్కడికీ వర్తిస్తుంది. పైగా, ప్రభుత్వం చేయవలసిన పనికి విద్యార్థుల సేవతో అతుకు వేస్తే, బాధ్యత ఎవరిదో మరుగున పడుతుంది.

అధ్యాపకురాలు: ఇలిచ్ ఎదుట ఉన్నవారు ఆ భూమికి పరాయివారు. ఇక్కడ ఒక మౌలికమైన తేడా ఉంది. ప్రాజెక్టు నిబంధనలు సౌకర్యంగా ఉన్న ఆవాసాన్ని ఎంచుకొనే అవకాశం ఇస్తాయి కాబట్టి విద్యార్థులలో చాలామంది తమ సొంత ఊరినో, అమ్మమ్మ ఊరినో ఎంచుకుంటారు. సర్వే చేసే అమ్మాయి ఆ సర్వేలో ఒక ఇంటి సభ్యురాలు కూడా, ఆమె పళ్ల మీద గార కూడా ఆ సమాచారంలో భాగమే. ఇక బాధ్యత మరుగున పడుతుందన్న భయానికి ఈ ప్రాంతం పక్కనే జవాబు ఉంది. నెల్లూరు జిల్లాలో 1990ల ఆరంభంలో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రి బడులలో అక్షరాలు నేర్పారు. చదువుకొన్న స్త్రీలు తమ జీవితం మీద చర్చించుకొని, దూబగుంట గ్రామంలో సారా దుకాణాన్ని ఎదిరించారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. బోధకులు అక్షరాలు మాత్రమే తెచ్చారు, ఏ సమస్య మీద ఆ అక్షరాలను ప్రయోగించాలన్నది ఊరి స్త్రీలే తేల్చారు. ప్రభుత్వ బాధ్యత అక్కడ మరుగున పడలేదు, నిలదీయబడింది. జ్ఞానం ఊరి చేతిలోకి చేరినప్పుడు సేవ ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కాదు, ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారం అవుతుంది.

మాస్టారు: దూబగుంట ఉదాహరణ మీ వాదానికి కాదు, నా వాదానికే బలమిస్తుంది. ఆ రాత్రి బడులలో చదువు చెప్పినవారికి మార్కులు లేవు, లాగ్‌బుక్ లేదు, అంతర్గత మూల్యాంకనం లేదు. తమంతట తాము వచ్చారు కాబట్టే స్త్రీలు నమ్మారు. క్రెడిట్ల కోసం చేసే సేవలో ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? తప్పనిసరి అయిన క్షణంలోనే సేవ హాజరుపట్టీ అవుతుంది. రోజువారీ పని వ్రాయవలసిన లాగ్‌బుక్‌ను చివరి వారంలో ఒక్కసారి కూర్చుని నింపడం, ఒకరి నివేదికను పదిమంది పేర్లు మార్చి సమర్పించడం అధ్యాపకులకు తెలియని విషయాలు కావు.

అధ్యాపకురాలు: నకలు నివేదికలు ఉన్నాయి, వాటిని సమర్థించే పని లేదు. కానీ స్వచ్ఛందమైతే ఎవరు మిగులుతారో కూడా చూడాలి. ఇష్టమున్నవారే రండి అంటే, తీరిక, బస్సు ఛార్జీ, ఇంట్లో అనుమతి ఉన్నవారే వస్తారు. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన అమ్మాయికి, ‘ఇది పరీక్షలో భాగం’ అన్న మాట ఒక్కటే ఊరి రచ్చబండ దగ్గర నిలబడి ప్రశ్న అడిగే అనుమతిపత్రం అవుతుంది. ప్రయోగశాల పని కూడా తప్పనిసరే, దానివల్ల ఎవరికైనా రసాయనశాస్త్రం మీద ప్రేమ చచ్చిపోయిందని ఎవరూ అనరు. తప్పనిసరి కావడం దోషం కాదు, తప్పనిసరి చేసిన పనిలో చదువు లేకపోవడం దోషం.

ఇక్కడ ఫ్లోరైడునే ఉదాహరణగా తీసుకుంటే ఆ చదువు ఎంత ఉన్నదో తెలుస్తుంది. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ అనే ఖనిజం, బయొటైట్ అనే నల్ల అభ్రకం ఉంటాయి, వాటిలో బిగిసి ఉన్న ఫ్లోరిన్ నీటిలోకి కరిగినప్పుడు ఫ్లోరైడు అయాను అవుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి ఘనపదార్థంగా విడిపోతుంది కాబట్టి ఫ్లోరైడు పెరగదు, నీరు క్షారగుణంతో, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు పెరుగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో కలిసి ఉన్న కాలం కూడా సాధారణంగా పెరుగుతుంది. ఇదంతా డిగ్రీ పాఠ్యాంశంలోని ద్రావణీయతా లబ్ధమే, అంటే ఒక లవణం నీటిలో ఎంతవరకు కరగగలదో తెలిపే స్థిరాంకమే. భారతీయ ప్రమాణాల సంస్థ లీటరు నీటికి 1 మిల్లీగ్రామును ఆమోదించదగిన పరిమితిగా, వేరే వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. ఈ అంకెలు తరగతిలో గుర్తుంచుకోవలసిన వివరాలు మాత్రమే, ఊళ్లో అవి పంపు పక్కన నిలబడిన తల్లికి చెప్పవలసిన జవాబు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోదని, నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుందని తెలియని ఇంటికి ఆ ఒక్క మాట చేరినా చదువుకు ప్రయోజనం ఉంటుంది.

మాస్టారు: ఆ మాట తప్పుగా చేరితే? రంగు చూసి అంచనా వేసే చిన్న పరీక్ష పెట్టెతో మొదటి సంవత్సరం విద్యార్థి ఒక బోరు నీటిని పరీక్షించి ‘బాగానే ఉంది’ అని చెబితే, ఆ ఇల్లు వాటర్ ప్లాంటు దగ్గర శుద్ధి చేసిన నీటి డబ్బా కొనడం మానేస్తుంది. రసాయనం పాతబడి ఉండవచ్చు, నమూనా సీసా కడగకపోయి ఉండవచ్చు. తప్పు విద్యార్థిదైతే మార్కు ఒకటి పోతుంది, ఎముకలు మాత్రం ఆ ఇంటి పిల్లలవి. అస్థి ఫ్లోరోసిస్ ఒకసారి ముదిరితే వెనక్కి తిప్పలేమని వైద్యులు చెబుతారు. నేర్చుకొనేవాడి తప్పుకు మూల్యం నేర్పే ఊరు చెల్లించడం న్యాయం కాదు. ఇంకొకటి, పరీక్ష జరిగే కాలం కూడా ఊరిది కాదు, కళాశాలది. మే నెలలో సెలవులు కాబట్టి మే నెలలోనే వస్తారు, అప్పటికి పని వెతుక్కొని వెళ్లిన కుటుంబాల ఇళ్లకు తాళాలు ఉంటాయి. తాళం వేసిన ఇంటి సమస్య సర్వేలో ఉండదు, ఊళ్లో అందరికంటే ఎక్కువ నష్టపోయినవారు ఆ ఇళ్లవారే.

అధ్యాపకురాలు: ఈ రెండు ఆక్షేపణలూ బలమైనవి, వీటికి జవాబు ప్రాజెక్టును వదిలేయడంలో కాదు, కట్టుదిట్టంగా రూపొందించడంలో ఉంది. విద్యార్థి చేసే పరీక్షను తొలి జల్లెడగా మాత్రమే చూడాలి, పరిమితికి దగ్గరగా వచ్చిన ప్రతి నమూనాను, వాటితోపాటు బాగున్నాయని తేలిన వాటిలో కొన్నింటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకొనేవరకు ఇంటికి తుది మాట చెప్పకూడదు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామంలో ఐదుగురు స్త్రీలకు క్షేత్రస్థాయి పరీక్ష పెట్టెతో నీటిని పరీక్షించే శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది. కళాశాల ఆ ఐదుగురిని ‘లబ్ధిదారులు’గా కాకుండా సహపరిశీలకులుగా తీసుకుంటే, విద్యార్థులు వెళ్లిపోయిన తర్వాత కూడా పరీక్ష ఆగదు. కాలం విషయంలో మే నెల ఎంత అవసరమో అంతే అసంపూర్ణం. భూగర్భజలాలను వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలవడం శాస్త్రపద్ధతి, ఎందుకంటే నీటిమట్టం, నీటి రసాయన స్వభావం ఆ రెండు కాలాలలో వేరువేరుగా ఉంటాయి. అందువల్ల 180 గంటలను ఒకే వేసవిలో ఖర్చు చేయకుండా, కొంత భాగాన్ని నవంబరుకు దాచుకొనే వీలు కళాశాలకు ఉండాలి. పండుగలకు, కోతలకు తిరిగి వచ్చే కుటుంబాలు కూడా అప్పుడు కలుస్తాయి.

మాస్టారు: ఇక అన్నింటికంటే కఠినమైన ప్రశ్న ఒకటి ఉంది. భాగస్వామ్యం ఊరితో అంటున్నారు, కానీ ఊరు అంటే ఎవరు? ప్రాజెక్టు నివేదిక చివర సమాజం తరఫున ఒక అధికారి ధ్రువపత్రం జత చేయాలి. సంతకం ఒక్కరు చేస్తే ఊరంతా ఒప్పుకున్నట్టు కాగితం చెబుతుంది. అదే ఊళ్లో ఒక వీధికి ట్యాంకు నీరు ముందు వస్తుంది, ఎస్సీ కాలనీకి చివర వస్తుంది లేదా రాదు. సర్వే చేసే పిల్ల తన వీధిలో ఇరవై ఇళ్లు, తన బంధువుల ఇళ్లు పది పూర్తి చేసి ఊరి సర్వే అంటుంది. సొంత ఊరివారు కావడం బలమని ఇందాక చెప్పారు, అమ్మా, సొంత ఊరివారు కావడం వల్లనే కొన్ని గడపలు దాటకపోవడం కూడా జరుగుతుంది.

అధ్యాపకురాలు: అది నిజం, ఈ పద్ధతిని సమర్థించేవారు చాలాకాలం ఈ విషయాన్ని తేలికగా తీసుకున్నారు. అమెరికాలో రాండీ స్టోకర్, ఎలిజబెత్ ట్రయన్ 2009లో సంపాదకులుగా వెలువరించిన గ్రంథం, విద్యార్థులను స్వీకరించిన సంస్థల గొంతు వినడానికే ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. స్వల్పకాలం వచ్చిపోయే విద్యార్థులకు శిక్షణ ఇవ్వడానికి పట్టే శ్రమ, వారి నుంచి అందే ఫలితం కంటే ఎక్కువ కావచ్చునన్న ఫిర్యాదు ఆ గొంతులలో ప్రధానం. ఇలాంటి ఆక్షేపణలకు స్పందించే మరొక ఆలోచన విమర్శనాత్మక సేవాభ్యసనం. సేవతో ఆగిపోకుండా ఆ సేవ అవసరమైన అసమానతకు కారణమేమిటని అడగడం దాని లక్షణం. హనుమంతునిపాడు సందర్భంలో ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: ఏ బోరు నీరు ఏ వీధికి పోతున్నది, శుద్ధి చేసిన నీటి డబ్బాకు ఏ ఇల్లు తన ఆదాయంలో ఎంత వంతు ఖర్చు పెడుతున్నది, నీళ్లు మోసే పని ఇంట్లో ఎవరి మీద పడుతున్నది. రసాయనశాస్త్ర విద్యార్థి నీటిని కొలిస్తే, వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఆ డబ్బా ఖర్చును లెక్కగట్టాలి, చరిత్ర విద్యార్థి పూడిపోయిన దిగుడుబావులు, చెరువుల గురించి పెద్దల జ్ఞాపకాలను నమోదు చేయాలి. నమూనా ఎంపికలో ప్రతి వీధి, ప్రతి పాలెం ఉండాలన్నది విద్యార్థి ఇష్టానికి వదలకుండా కళాశాలే ముందుగా గీసిన పటంలో ఉండాలి. పంచాయతీ సంతకంతోపాటు పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అంగీకారం కూడా తీసుకోవాలి.

మాస్టారు: ఇవన్నీ జరిగినా ఒక లోపం మిగులుతుంది. విద్యార్థి ఉత్తీర్ణుడై వెళ్లిపోతాడు, అధ్యాపకుడు బదిలీ అయి వెళ్లిపోతాడు, వచ్చే ఏడాది కొత్త బృందం కొత్త కాగితంతో మళ్లీ మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెడుతుంది. వ్యవసాయ కళాశాలల పద్ధతిలో కనీసం ఒక మర్యాద ఉంది. చివరి సంవత్సరం విద్యార్థులను గ్రామీణ వ్యవసాయ పని అనుభవం పేరిట పల్లెకు పంపి, ఒక్కొక్కరిని ఒక్కొక్క ఆతిథ్య రైతుకు అప్పగిస్తారు. విత్తనం నుంచి అమ్మకం దాకా ఆ రైతు సేద్యాన్ని గమనిస్తూ అతని దగ్గర నేర్చుకోవడమే వారి పని. అక్కడ రైతు గురుస్థానంలో ఉన్నాడు. ఈ 180 గంటల ప్రాజెక్టులో ఊరి మనిషి స్థానం ఏమిటి? సమాచారదాతా, లబ్ధిదారుడా, గురువా?

అధ్యాపకురాలు: గురువు అని అనవలసిందే, అనడమే కాక ఆ స్థానాన్ని నియమాలలో వ్రాయవలసిందే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇప్పటి ఏర్పాటులో ఒప్పందం ఒక విద్యార్థికీ ఒక ఆవాసానికీ మధ్య, 180 గంటలకు. భాగస్వామ్యం అన్న మాట ఆ కొలతకు సరిపోదు, ఎందుకంటే విద్యార్థికి గడువు ఉన్నట్టు ఊరికి గడువు లేదు. ఒప్పందం సంస్థకూ ఊరికీ మధ్య, కనీసం ఐదేళ్లకు ఉండాలి. అప్పుడు ఒక్కొక్క బృందం చేసేది కొత్త సర్వే కాదు, ముందు బృందం వదిలిన చోటి నుంచి తర్వాతి అధ్యాయం. 2014లో ప్రారంభమైన ఉన్నత్ భారత్ అభియాన్ ప్రతి సంస్థ ఐదు గ్రామాలతో సంబంధం పెట్టుకోవాలని కోరింది, కానీ ఆ గ్రామాలు ఒక పథకం కింద, విద్యార్థుల ప్రాజెక్టులు మరొక పథకం కింద, జాతీయ సేవా పథకం శిబిరం ఇంకొక చోట సాగుతూ ఉంటే ఏదీ ఏ ఊళ్లోనూ లోతుకు దిగదు. మూడింటినీ ఒకే ఊళ్ల సముదాయం మీద నిలపడానికి కొత్త నిధులు కాదు, కొత్త నిర్ణయం కావాలి. అధ్యాపకులకు కూడా ఒక న్యాయం జరగాలి. అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లో, పరిశోధనా పత్రాలను మాత్రమే పాండిత్యంగా లెక్కించే అలవాటును ప్రశ్నించి, జ్ఞానాన్ని సమస్యలకు అన్వయించడం, బోధించడం కూడా పాండిత్యమే అని వాదించాడు. ఐదేళ్లు ఒకే మండలంలో తిరిగి నీటి లెక్కలు నిలబెట్టిన అధ్యాపకురాలి పని పదోన్నతి పత్రంలో ఎక్కడా కనబడకపోతే, అలాంటి పనికి రెండవవారు ముందుకు రారు.

మాస్టారు: ఒప్పందం, పటం, ప్రయోగశాల నిర్ధారణ, రెండు కాలాల పరీక్ష ఉంటే ఆక్షేపణల బరువు తగ్గుతుంది. అయితే మూడు షరతులు తప్పవు. మొదటిది, ఫలితాలన్నీ తెలుగులో, ఇంటింటికీ చీటీగా, గ్రామసభలో నోటిమాటగా చెప్పి, ఒక పుస్తకం గ్రామ సచివాలయంలో ఊరివారు అడిగితే తీసి చూపేలా ఉండాలి. కళాశాల అలమరలోని నివేదిక ఊరికి 1937 నాటి గెజెట్‌తో సమానం. రెండవది, ఊరివారి సమయానికి విలువ కట్టాలి. కూలి మానుకొని మూడు గంటలు కూర్చుని జవాబు చెప్పిన స్త్రీకి, విద్యార్థులకు బావుల చరిత్ర చెప్పిన వృద్ధుడికి, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. మూడవది, మార్కులలో ఒక వంతు ఊరు వేయాలి. హాజరైనట్టు ధ్రువపత్రం ఇవ్వడం వేరు, పని ఉపయోగపడిందో లేదో తీర్పు చెప్పడం వేరు.

అధ్యాపకురాలు: మొదటి రెండు షరతులకు అభ్యంతరం లేదు. మూడవది విద్యార్థికి ప్రమాదం కావచ్చు. బంధుత్వం, కులం, పార్టీ ఆ మార్కులోకి ప్రవేశిస్తే, కఠినమైన ప్రశ్న అడిగిన అమ్మాయి తక్కువ మార్కుతో బయటపడుతుంది. ఊరి తీర్పు విద్యార్థి మీద కాక కళాశాల మీద ఉండాలి. ‘ఈ కళాశాల మళ్లీ రావాలా, వస్తే ఏ పని మీద రావాలి’ అన్న ప్రశ్నకు గ్రామసభ ఏటా వ్రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, ఆ జవాబు సంస్థ మూల్యాంకనంలో భాగం కావాలి. వద్దనే హక్కు ఊరికి ఉన్నప్పుడే రమ్మనడానికి అర్థం ఉంటుంది.

మాస్టారు: ఆ మార్పు సమ్మతమే. తప్పనిసరి విషయంలో మాత్రం అంగీకారం లేదు. బలవంతపు సేవ నుంచి పౌరుడు పుట్టడన్న అభిప్రాయం మారలేదు.

అధ్యాపకురాలు: తప్పనిసరి కాని చోట బలహీనులకు అవకాశం పుట్టదన్న అభిప్రాయం కూడా మారలేదు, మాస్టారూ.

ఈ భేదం సంవాదంతో తీరేది కాదు, అనుభవంతో తేలవలసినది. కానీ ఇద్దరి వాదాలనూ ప్రక్క ప్రక్కన ఉంచి చూస్తే ఒక విషయం స్థిరపడుతుంది. సేవాభ్యసనం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు విద్యార్థి శ్రద్ధ ఒక్కటే జవాబు చెప్పలేదు. శ్రద్ధగల విద్యార్థి కూడా తన ముందువారు వ్రాసినది చేతిలో లేకపోతే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు, శ్రద్ధలేని విద్యార్థి కూడా ఐదేళ్ల లెక్కలో ఒక వరుసను సరిగా నింపితే ఊరికి ఉపకారం చేసినవాడవుతాడు. కాబట్టి పరీక్షకు నిలబడవలసింది విద్యార్థి కాదు, సంస్థ. హనుమంతునిపాడు వంటి మండలంలో ఫ్లోరైడు ఉన్నదన్న జ్ఞానం కొత్తగా ఉత్పత్తి చేయవలసిన పని లేదు, అది తొమ్మిది దశాబ్దాలుగా ఉంది; లేనిది, ఆ జ్ఞానం ఏ వీధికి ఏ బోరుకు ఏ సంవత్సరంలో ఎంత అన్న లెక్కగా మారి, దానిని చదివి చూపి అధికారిని నిలదీయగల మనుషుల చేతిలో ఉండడం. విశ్వవిద్యాలయానికి చేతనైన సేవ అదే, మరెవరూ అంత చవకగా, అంత క్రమంగా చేయలేని సేవ కూడా అదే. ఐదేళ్ల తర్వాత సచివాలయంలోని ఆ పుస్తకాన్ని గ్రామసభ తెరిపించి, తన నీటి గురించి తానే వాదించగలిగితే 4 క్రెడిట్లకు అర్హత ఉన్నట్టు, లేకపోతే ఎన్ని నివేదికలు కట్టలు కట్టినా లేనట్టే లెక్క.